వీరగల్లు ముందు మా మేనత్త వేసిన ప్రశ్న

పోయిన ఆదివారం ఆదోనిలో, మా ఊరి మ్యూజియంలో స్థానిక చరిత్ర మీద ప్రసంగం ఉందని మనవరాలు ఫోనులో చూపిస్తే, మోకాళ్ళ నొప్పిని కూడా లెక్కచేయకుండా వెళ్ళాను. వేదిక పక్కన అద్దాల పెట్టెలో ఉన్న వీరగల్లును, పోరులో పడిపోయిన వీరుడి బొమ్మ చెక్కిన రాయిని, చూపిస్తూ, ఆవుల మందను తోలుకుపోతున్న దొంగలతో పోరాడిన ఆ వీరుడి తల తెగిపడినా, మొండెం మాత్రం పొద్దుగూకేదాకా కత్తి తిప్పుతూనే ఉందని యువ వక్త కళ్ళారా చూసినట్టు చెప్పాడు. హాలంతా చప్పట్లు. నేను చెయ్యెత్తాను. ప్రశ్నలకు సమయం లేదనీ, బయట టీ సిద్ధంగా ఉందనీ అన్నారు.

ఇదే హాల్లో, మీలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది, సభలోంచి ఒక్క ప్రశ్నయినా రానిదే చప్పట్లు కొట్టకూడదనే నియమం ఉండేది. అది పెట్టినవాడు అప్పట్లో ఈ మ్యూజియం నడిపిన మా చిన్నాయన. మూఢనమ్మకం పేరెత్తితే భగ్గుమనే మనిషి. ఆయన వెనక తిరిగి నేనూ అట్లాగే తయారయ్యాను.

ఆ వీరగల్లు ఎమ్మిగనూరు వైపు మా మేనత్త మెట్టిన ఊరిది. పశువులకు జబ్బు చేస్తే ఆడవాళ్ళు దానికి నూనె పోసి, పసుపు పూసి మొక్కేవాళ్ళు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు రాయిని కదపక తప్పలేదు. మ్యూజియంకు ఇమ్మని చిన్నాయన, కొత్తగా గుడి కట్టుకుంటామని ఊరివాళ్ళు పట్టుబట్టి, చివరకు ఆయన ప్రసంగం విని తేల్చుకుంటామని రాయితో సహా ట్రాక్టరెక్కి వచ్చారు. మాటల్లో చిన్నాయన ఓడిపోతే రాయి అదే ట్రాక్టరులో వెనక్కి పోతుంది.

ఇది దేవత కాదు, ఊరి పశువుల కోసం ప్రాణం పోగొట్టుకున్న మనిషి గుర్తు అని ఆయన విడమరచి చెప్పి ముగించగానే, ముందు వరుసలోంచి మేనత్త లేచింది. ఆమె ఆయనకు సొంత అక్క.

"ఏమిరా, నాయిన పటానికి నువ్వు దండ ఎయ్యవా?"

"ఏస్తా. దేవుడని కాదు గదక్కా."

"మేమూ అట్లే ఏస్తాండామనుకో. నీకేం నొప్పి?"

సభ గొల్లుమంది. చిన్నాయనా నవ్వి, ఆమెను రాయి దగ్గరికి పిలిచాడు. "నాయిన పటం మొగానికి నూనె పూస్తామా అక్కా? ఈడ సూడు, ఈయన కండ్లు యాడుండాయి?"

చేతులు సోకని కింది వరుసలో ఆవుల కొమ్ములు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. తరతరాలుగా పూసి పూసి, రుద్ది రుద్ది, వీరుడి ముఖం మాత్రం నునుపైన గుండులా అరిగిపోయింది. మేనత్త దాని మీద చెయ్యి పెట్టి కళ్ళ కోసం తడిమింది.

"పెట్టుకో," అంది చివరకు. "నూనె పొయ్యం. ఏడాదికొకతూరి వస్తాం, దండ మాత్రం ఏస్తాం. ఆ పొద్దు తలుపేసినావంటే సూడు మల్ల!"

అప్పుడు మోగాయి చప్పట్లు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. మ్యూజియంలో దండేమిటి, ఇంత రాజీ ఏమిటని చిన్నాయనతో పోట్లాడాను. ఆ తర్వాత ఏటా వాళ్ళు రావడం, దండ వేయడం, కూర్చుని ప్రసంగమంతా విని వక్తను ప్రశ్నలతో ముప్పుతిప్పలు పెట్టడం జరిగేది. అక్కాతమ్ముళ్ళిద్దరూ పోయాక ఆ రాకపోకలు పలచబడి, ఎప్పుడో ఆగిపోయాయి.

దండ ఆగిపోవాలని కోరుకున్నవాణ్ణి నేనే. దండతోపాటు ప్రశ్న కూడా పోతుందని మాత్రం అనుకోలేదు. మొన్న మేనత్త గనక ఉండి ఉంటే ఆ కుర్రవాణ్ణి వదిలేదా? "తల లేనోనికి ఆవేదో దొంగేదో ఎట్ల కనపడెనప్పా?" అని నిలదీసి ఉండేది. ఆ భక్తురాలు లేని హాల్లో, నాస్తికుణ్ణి, ఒక్కణ్ణే చెయ్యెత్తి కూర్చున్నాను.