యాక్సిలరేటర్ ఖలీల్‌ది, బ్రేక్ కంప్యూటర్‌ది

2023, వానలు వెనకబట్టిన రోజులు. పటాన్‌చెరు సర్వీస్ రోడ్డు పక్కన, లారీ బాడీలు కట్టే షెడ్ల వరుసలో నా వర్క్‌షాపు. గేర్‌బాక్సులు మాత్రమే చూస్తాం. మా నాన్న గోదావరి వైపు నుంచి ప్రభుత్వ రంగ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను ఇక్కడే పాలిటెక్నిక్ చదివాను, ఒక గేర్ల ఫ్యాక్టరీలో చాలాకాలం పనిచేశాను, తర్వాత సొంతంగా షెడ్డు వేసుకున్నాను. కొత్తగా వచ్చినవాళ్లు ఇప్పటికీ "మెకానిక్ లేడా అమ్మా?" అని నన్నే అడుగుతారు. "నేనే" అంటాను. కొందరు ఉంటారు, కొందరు బండి తిప్పుకుని వెళ్లిపోతారు.

ఖలీల్ ఆ ప్రశ్న అడగలేదు. ఎర్ర రంగు టర్బో హ్యాచ్‌బ్యాక్ కారు లోపల పెట్టి, దిగి, సలాం చెప్పి, నేరుగా పనిలోకి వచ్చాడు.

"మేడమ్, దీనికి మెకానికల్ డిఫరెన్షియల్ ఎయ్యాలె. మట్టి ట్రాక్ మీద పోటీకి పోతున్న."

అప్పుడు చూశాను అతని కుడి చేయి. చూపుడు వేలు, మధ్య వేలు లేవు. పాశమైలారం వైపు ఒక ప్రెస్ షాపులో రేకులు వంచే మిషన్ కింద పోయాయట. కంపెనీ అతన్ని స్టోర్స్‌లో కూర్చోబెట్టింది. "కుర్చీ ఇచ్చిండ్రు, పంకా ఇచ్చిండ్రు, ఇగ చాలన్నరు" అన్నాడు.

అతను అడిగినదేమిటో చెప్పాలి. కారు మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం పోతాయి. రెండింటినీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చేదే డిఫరెన్షియల్. దీనికో బలహీనత ఉంది. ముందు చక్రాలతో నడిచే కారు గట్టిగా మలుపు తిరిగితే బరువంతా బయటి చక్రం మీదికి పోతుంది. తేలికైన లోపలి చక్రం ఉత్తగా గిర్రున తిరిగి ఇంజన్ బలమంతా అక్కడే పోతుంది. ఈ కాలపు కార్లలో దీనికి ఎలక్ట్రానిక్ ఉపాయం పెట్టారు. గిర్రున తిరిగే చక్రాన్ని కంప్యూటరే బ్రేకు వేసి పట్టుకుంటుంది, బలం రెండో చక్రానికి చేరుతుంది. మెకానికల్‌లో ఆ పని డిఫరెన్షియల్ లోపలి పలకలు గానీ పళ్లచక్రాలు గానీ చేస్తాయి. కానీ అవి పట్టుకున్నప్పుడల్లా స్టీరింగ్ చేతిలో లాగుతుంది.

కుడి చేతిలో మూడు వేళ్లున్న మనిషికి లాగే స్టీరింగ్. పైగా గేరు మార్చాలంటే ఎడమ చేయి స్టీరింగ్ వదలాలి. అప్పుడు మిగిలేది ఆ కుడి చేయే.

"మీకు ఎలక్ట్రానిక్‌దే మేలు ఖలీల్ భాయ్," అన్నాను. "కారుతో వచ్చింది, బరువు లేదు, చేతికి శ్రమ లేదు."

"అందరు గిదే చెప్తున్నరు మేడమ్. ఒక్కడన్న నాతోని కార్ల కూసోలె."

నేను కూర్చుంటానన్నాను. ఆదివారం పొద్దున అతనితో కారులో కూర్చున్నాను.

కొండాపూర్ అవతల ప్లాట్లు అమ్ముడుపోని ఒక వెంచర్ ఉంది. ఎర్రమట్టి రోడ్లు, రాళ్లు పాతిన మలుపులు, మనిషి జాడ లేదు. యజమాని ఖలీల్ వాళ్ల వీధివాడే, సరేనన్నాడు. మొదటి చుట్లు బాగానే సాగాయి. అతను స్టీరింగ్‌ను వేళ్లతో కాక అరచేతి మడమతో తోస్తున్నాడు, బొటనవేలిని ఆసరాగా వాడుతున్నాడు. అలా నడపడం అతను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మరికొన్ని చుట్లకు ముందు చక్రాల నుంచి కాలిన వాసన మొదలైంది. కంప్యూటర్ ప్రతి మలుపులోనూ బ్రేకు పట్టీ పట్టీ ముందు బ్రేకులు వేడెక్కిపోయాయి. పెడల్ మెత్తబడి లోతుకు దిగింది. కంప్యూటర్ ఇంజన్ బలం కూడా తగ్గించడం మొదలుపెట్టింది. కారు మలుపు తిరగకుండా నేరుగా జారి గట్టు అంచున ఆగింది.

ఖలీల్ ఇంజన్ ఆపి నా వైపు తిరిగాడు.

"నేను యాక్సిలరేటర్ తొక్కుతుంటే అది బ్రేక్ తొక్కుతున్నది. ఈ కారు ఎవల మాట ఇనాలె మేడమ్?"

నేను మనసు మార్చుకున్నది అక్కడే. జాలితో కాదు. చేతికి తేలిక అని నేను చెప్పిన వ్యవస్థ, ఆ మట్టిలో అతనికి బ్రేకులు లేకుండా చేసింది. అది ఏ చేతికీ క్షేమం కాదు.

మెకానికల్‌లోనూ రెండు రకాలు. పలకల రకం గట్టిది, చక్రం గాల్లోకి లేచినా పట్టు వదలదు, కానీ పట్టేటప్పుడు ఒక్క కుదుపుతో పడుతుంది. రెండోది హెలికల్, అంటే ఏటవాలు పళ్లచక్రాలది. మెల్లగా, నునుపుగా పడుతుంది. చక్రం పూర్తిగా గాల్లోకి లేస్తే మాత్రం చేతులెత్తేస్తుంది. నేను హెలికల్ అన్నాను. ముందు చక్రం లేవకుండా కారు వెనక సస్పెన్షన్‌ను కొంచెం బిగిస్తానన్నాను. లేచినా ఎడమ కాలితో బ్రేకును ముట్టీ ముట్టనట్టు తొక్కితే దానికి మళ్లీ పట్టు దొరుకుతుంది. ఆ కాలి పని అతను నేర్చుకోవాలి.

"నేర్సుకుంట. కాళ్లు రెండు బరాబరున్నయి గద," అన్నాడు.

సంగతి పోటీ నడిపే క్లబ్బుకు చేరింది. కార్లను, డ్రైవర్లను పరిశీలించి అనుమతించే ప్రభాకర్ రావు గారు నా షెడ్డుకే వచ్చారు. పెద్దమనిషి, ఒకప్పుడు తనూ పోటీల్లో నడిపినవారు.

"అమ్మా, స్టీరింగ్ తన్ని బొటనవేలు ఇరిగినోళ్లను నేను సూసిన. అయిదు వేళ్లున్నోళ్లే. గీ పిలగాడికి మెకానికల్ ఎట్ల ఏస్తున్నవు?" అని నన్నడిగి, ఖలీల్ వైపు తిరిగి మెత్తగా అన్నారు. "బేటా, నీకు ఎగ్జిబిషన్ రన్ ఇస్త. పోటీ అయినంక ఒక్కనివే తిరుగు. జనం సూస్తరు, చప్పట్లు కొడ్తరు."

"టైమ్ కడ్తరా సార్?"

"ప్రదర్శనకు టైమ్ ఎందుకు?"

"అయితే నాకొద్దు సార్. చప్పట్ల కోసం కారు కొన్లె. టైమ్ కట్టుండ్రి. ఆఖర్న వస్తే ఆఖర్న వచ్చిండని రాయుండ్రి."

ఆయన నా వైపు చూశారు, నచ్చజెప్పమన్నట్టు. "సార్, గేర్‌బాక్స్ దించేశాను. వేసేదే," అన్నాను. "వేశాక మీరే వచ్చి పక్కన కూర్చోండి. స్టీరింగ్ అదుపులో లేదని మీకనిపిస్తే కాగితం మీద కాదనండి. ఇక్కడ నిలబడి మాత్రం కాదనకండి."

ఆయనకు కోపం వచ్చింది. అయినా వస్తానన్నారు.

కొత్త డిఫరెన్షియల్ వేసిన తర్వాత మొదటిసారి వెంచర్‌కు వెళ్లినరోజు నేను మరిచిపోలేను. గతుకుల మలుపులో గేరు మారుస్తుండగా స్టీరింగ్ ఒక్కసారిగా లాగేసి ఖలీల్ కుడి చేతిలోంచి జారిపోయింది. కారు అడ్డం తిరిగి కంపచెట్లలో ఆగింది. ఇద్దరికీ ఏమీ కాలేదు. ప్రభాకర్ రావు గారి మాట నిజమా అని నాకే అనిపించింది.

ఖలీల్ కుడి చేయి తిప్పి చూసుకున్నాడు. తర్వాత అన్నాడు. "అక్కా, ఎడమ మలుపుల లాగలె. కుడి మలుపులనే లాగింది. నా చెయ్యి రెండు దిక్కుల గదే చెయ్యి గద?"

మేడమ్ పోయి అక్క రావడం నేను తర్వాత గమనించాను. అప్పటికి ఆ ప్రశ్నే పట్టుకున్నాను. షెడ్డుకు తెచ్చి కారు పైకి లేపి చూస్తే, ఎడమ ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప కడ్డీకి వేసిన బుష్, అంటే కుదుపు తట్టుకునే రబ్బరు కట్టు, చీలి ఉంది. మామూలు డిఫరెన్షియల్‌తో ఆ చీలిక బయటపడలేదు. ఇప్పుడు బలమంతా ఆ చక్రం మీదికి వచ్చేసరికి అది పక్కకు జరిగి స్టీరింగ్‌ను లాగింది. రెండు వైపులా గట్టి బుష్‌లు వేశాను, అలైన్‌మెంట్ చేయించాను. ఖలీల్ సీటు కవర్లు కుట్టే దుకాణంలో కూర్చుని, స్టీరింగ్ కుడివైపు తన మూడు వేళ్లకు సరిపడేలా తోలు మందంగా కుట్టించుకున్నాడు.

ప్రభాకర్ రావు గారు మాట తప్పలేదు. పక్కన కూర్చుని చుట్టు తర్వాత చుట్టు తిప్పించారు. ఒకచోట చెప్పాపెట్టకుండా "ఎడమ చెయ్యి తియ్యి" అన్నారట. ఖలీల్ తీశాడు, మలుపు తిరిగాడు. దిగాక ఆయన నాతో ఒక్క మాటే అన్నారు.

"టైమ్ కడ్తం."

పోటీ రోజుకు, అంతకుముందు పడ్డ వానకు ట్రాక్ గుంటలు పడింది. రెండుచోట్ల లోపలి చక్రం లేచింది. నేను కంచె దగ్గర నిలబడి అతని ఎడమ కాలి కోసం చూశాను, కాలు కనపడదని తెలిసి కూడా. కారు ఒక్క క్షణం తడబడి, మళ్లీ మట్టిని పట్టుకుని లాక్కుపోయింది. బ్రేకులు చివరి చుట్టు దాకా నిలిచాయి. అతను గెలవలేదు. పట్టికలో మధ్యలో ఎక్కడో నిలిచాడు, అతని కారు కన్నా శక్తివంతమైన కార్లు కొన్ని అతని కింద ఉన్నాయి.

కారు దిగుతుంటే కొందరు లేచి నిలబడి పెద్దగా చప్పట్లు కొట్టారు. ఖలీల్ హెల్మెట్ తీసి అటు చూశాడు.

"నడుమ వచ్చినోనికి గింత చప్పట్లెందుకు? గెలిసినోడు ఆడున్నడు, పోయి గాయనకు కొట్టుండ్రి."

చప్పట్లు ఆగిపోయాయి. ప్రభాకర్ రావు గారు దగ్గరకొచ్చి, "చెయ్యి నొస్తున్నదా బేటా?" అని అడిగారు.

"నొస్తది సార్. స్టోర్స్‌ల కూసున్న గూడ నొస్తది."

ఇప్పుడు నా దగ్గరికి మెకానికల్ కావాలని వచ్చేవాళ్లలో చాలామందిని వెనక్కి పంపుతాను. సంగారెడ్డి నుంచి ఆఫీసుకు హైవే మీద పోయి వచ్చేవాడికి కారుతో వచ్చిన ఎలక్ట్రానిక్ చాలు. వాన రోడ్డు మీద అది ప్రాణం కాపాడుతుంది కూడా. ఏది గొప్పది అన్న వాదన నేను పెట్టుకోను. ఎక్కడ నడుపుతారు, ఎంతసేపు, స్టీరింగ్ నుంచి మీకేం తెలియాలి అని అడిగి, పక్కన కూర్చుని చూసి చెబుతాను.

ఆ కేసు నాకు నేర్పింది ఇంకొకటి ఉంది. మావాడికి ఇది వద్దు, మా అమ్మాయి వల్ల కాదు అంటూ నడిపేవాళ్లు లేకుండా వాళ్ల తరఫున భయపడటానికి వచ్చేవాళ్లుంటారు. వాళ్లకు నా షెడ్డులో కుర్చీ ఉంది, చాయ్ ఉంది. నిర్ణయం మాత్రం నడిపే మనిషి వచ్చినప్పుడే.