తిప్పి బిగించిన లెన్సు

1949 వర్షాకాలం మొదట్లో నన్ను నందిగామకు వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరుగా వేశారు. నా పైన జిల్లా వ్యవసాయాధికారి, నా కింద ఒక మేస్త్రీ. రైతుల చేత కొత్త విత్తనాలు వేయించడం, తెగుళ్ళూ పురుగులూ గుర్తించి మందు చెప్పడం, ప్రదర్శన క్షేత్రాల ఫోటోలు తీసి పైకి పంపడం నా పని. ఫోటోల కోసం ఒక ప్లేట్ కెమెరా ఇచ్చారు. మూడు కాళ్ళ స్టాండు, ముందు లెన్సు, వెనక గరుకు అద్దం, ఆ రెండిటి మధ్యా ముడతల తోలు తిత్తి. పైరు రైతు భుజం దాకా పెరిగిందని చూపించడానికి అది బాగానే పనికొచ్చేది. పురుగుల్ని దగ్గరగా తీయాలంటే వేరే లెన్సు కావాలని రాశాను. మెట్ట తాలూకాలో పురుగుల ఫోటోల అవసరం లేదని జవాబొచ్చింది. ఆ సంగతి పురుగులకు ఎవరు చెప్పాలో అందులో రాయలేదు.

ఆ ఏడాది ధాన్య సేకరణ గట్టిగా నడుస్తోంది. ప్రతి రైతూ పండిన దాంట్లో తన వంతు ప్రభుత్వానికి కొలవాలి. కొలవనివాడు దాచినట్టు లెక్క, దాచినవాడి మీద కేసు. పంట ఎంతో ముందుగా అంచనా కట్టేది కరణం. నిండు పంటకు పదహారణాలనీ, సగం పంటకు ఎనిమిదణాలనీ చేను చూసి రాస్తాడు. గింజ పట్టకముందే, కంకి బారు చూసి రాసేస్తాడు.

జగ్గయ్యపేట నుంచి వేదాద్రి వెళ్ళే దారిలో ఒక ఊళ్ళో కోటయ్య అనే రైతు ఉండేవాడు. ఎద్దులకు గాళ్ళు, అంటే గాలికుంటు రోగం వచ్చి పడుకోవడం వల్ల అతను పచ్చజొన్న అందరికంటే ఆలస్యంగా వేశాడు. పైరు ఏపుగా వచ్చింది, కరణం పన్నెండణాలు రాశాడు. కోతకొచ్చేసరికి కంకుల్లో గింజ లేదు, ఉత్త పొట్టు. చుట్టుపక్కల చేలన్నీ పండాయి. ఇతనిది ఒక్కటే పండలేదు.

సేకరణకు వేసిన ప్రత్యేకాధికారి అప్పుడు జగ్గయ్యపేట బంగళాలో మకాం ఉన్నాడు. పేరు రాయను. ఆయన కళ్ళానికొచ్చి పశువుల మేతకు కుప్పేసిన పొట్టు కంకులు చూశాడు. గింజ రాలగొట్టి ఉత్త కంకులు చూపిస్తున్నావన్నాడు. ఆ తర్వాత ఇల్లు సోదా చేయించాడు. వంటింట్లో పొయ్యి పైన దూలానికి నిండు జొన్న కంకులు కట్టలు కట్టి వేలాడుతున్నాయి. దొరికింది దొంగ సరుకన్నాడు.

మెట్టప్రాంతంలో ఏ ఇంట్లో చూసినా ఆ కట్టలుంటాయి. కిందటేటి పంటలో మంచి కంకులు ఏరి, పుచ్చకుండా పొయ్యి పొగకు వేలాడదీస్తారు. మరుసటేడు వేసే విత్తనం అదే. పొగకు నల్లబడిన కంకి ఆ ఏడాదిది కాదని చూడగానే తెలియాలి. కోటయ్య భార్య సీతమ్మ ఆ మాటే చెప్పింది. ఆ విత్తనం తన అత్తగారి నాటి నుంచి ఏరుతూ వస్తున్నదని, పోయిన ఏడు వర్షం లేకపోయినా నిలబడిందని కూడా చెప్పింది. ఆయన చెవికెక్కలేదు. కట్టలన్నీ దింపించి బండి మీద పేటకు పంపాడు. కోటయ్య మీద ధాన్యం దాచిన నేరానికి రిపోర్టు రాశాడు.

నాకు కబురందేసరికి ఇదంతా అయిపోయింది. పొలానికెళ్ళి కోయకుండా మిగిలిన మూలలో ఒక కంకి తెంపి భూతద్దం పెట్టి చూశాను. గింజ ఉండాల్సిన ప్రతి పొట్టు గుల్ల కొనా తెల్లటి పొర ఒకటి, చీమ కాలంత, బయటికి పొడుచుకొని ఉంది. కంకి ఈగ వదిలిన కుబుసం అది. దోమకంటే చిన్న ఈగ పూతలో గుడ్డు పెడుతుంది. లోపలి పురుగు పాలు తాగేస్తుంది, గింజ పట్టదు. రెక్కలొచ్చాక కొనలోంచి బయటపడి పొర అక్కడే వదిలిపోతుంది. ముందు పూసిన చేలల్లో పెరిగిన ఈగలన్నీ ఆఖరున పూసిన చేను మీద పడతాయి. అందుకే కోటయ్య చేనొక్కటే పోయింది.

కంకి పట్టుకొని బంగళాకు వెళ్ళాను. అధికారి భూతద్దంలో చూడనన్నాడు. అద్దాలు పెట్టి తీర్పులు చెప్పేందుకు తానేం జ్యోతిష్కుణ్ణి కాదట. కాగితం మీద కనపడితే ఫైలులో పెడతానన్నాడు. కంకిని పంపుదామంటే ఆ పొరలు చెయ్యి తగిలితేనే రాలిపోతాయి. బంగళా మెట్లు దిగుతుంటే అరికాలి మంట నెత్తికెక్కింది. కోపం ఆయన మీద ఎంతో, లెన్సు అక్కర్లేదన్నవాళ్ళ మీదా అంతే.

జగ్గయ్యపేటలో రంగనాయకులు గారని ఒక స్టూడియో యజమాని ఉండేవారు. అన్నదమ్ములది బెల్లం, పప్పుల టోకు వ్యాపారం. ఈయన మాత్రం కొట్టు వెనక గదిని చీకటి గది చేసుకొని ఫోటోలు తీసేవారు. నేను సంగతి చెప్పగానే నవ్వారు.

"పెళ్ళికూతుళ్ళని తీసాను, శవాల్ని తీసాను. పొట్టుని తీయమన్నవాళ్ళు మీరేనండి, డిమాన్‌స్ట్రేటర్ గారూ."

ముందు ఆయన చదువుకొనే కళ్ళజోడు అద్దం లెన్సు ముందు అంటించి చూశాం. బొమ్మ పెద్దదైంది గానీ మధ్యలో తప్ప అంచులన్నీ అలుక్కుపోయాయి. అలా కాదని లెన్సునే, వెనక బొమ్మ పడే గాజు ప్లేటుకు దూరం జరపడం మొదలుపెట్టాం. లెన్సు ప్లేటుకు ఎంత దూరంగా ఉంటే బొమ్మ అంత పెద్దదవుతుంది. తిత్తి సాగినంత సాగిస్తే వస్తువు ఉన్నంత పరిమాణంలో పడింది. అది చాలదు. రంగనాయకులు గారి అన్నగారి కొట్లోంచి ఒక బిస్కత్తు డబ్బా తెచ్చి, అడుగు కోయించి, లోపల ఆముదపు దీపం మసి పూశాం. తెల్లరేకు మెరిస్తే ప్లేటు పాడవుతుంది. దాన్ని తిత్తి ముందు బిగించి, దాని కొసకు లెన్సు పెట్టాం. బొమ్మ రెట్టింపైంది గానీ మసకగా ఉంది.

అప్పుడు లెన్సును తిప్పి, వెనకవైపు కంకికి, ముందువైపు ప్లేటుకు ఉండేలా మైనంతోనూ గుడ్డపీలికతోనూ బిగించాను. మామూలు లెన్సును పెద్ద వస్తువును చిన్న బొమ్మగా తేవడానికి సానపడతారు. ఇక్కడ చిన్న వస్తువును పెద్ద బొమ్మ చేయాలి, కాబట్టి తిప్పి పెట్టడమే న్యాయం. గరుకు అద్దం మీద పొర అంచు కత్తితో కోసినట్టు తేలింది. ఇంత దగ్గరలో లెన్సును జరిపితే బొమ్మ పరిమాణమే మారిపోతుంది. అందుకని కెమెరాను కదపకుండా, కంకి కట్టిన చెక్కనే వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ జరుపుతూ సరిచేసుకోవాలి.

ఉత్త పొర చూపిస్తే ఇది ఎవరి చేనిదని అధికారి అడుగుతాడని నాకు తెలుసు. మర్నాడు ఆయన్నే కోటయ్య పొలానికి తీసుకెళ్ళి, ఆయన చేత్తోనే కంకి తెంపించాను. కరణం, మునసబు సంతకాలు పెట్టిన చీటీ దారంతో కట్టించాను. నా ప్రదర్శన క్షేత్రంలో గింజ రాలగొట్టిన కంకి ఇంకొకటి ఆయన ముందే తీసుకున్నాను. రెండింటి నుంచీ ఒక్కో రెబ్బ తెంచి ఒకే చెక్కకు పక్కపక్కన కట్టి, చీటీ మూల కూడా బొమ్మలో పడేలా ఒకే ప్లేటు మీద తీశాం. గాలి లేకుండా గది తలుపులు మూసి, పెరట్లో ఎండను అద్దంతో కిటికీలోంచి కంకి మీదికి తిప్పాం. లెన్సు అంత దూరం జరిగితే వెలుతురు తొమ్మిదో వంతుకు పడిపోతుంది. లెన్సు మూత తీసి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాం.

ప్రింటు బాగా వచ్చింది. ఎడమవైపు రాలగొట్టిన కంకి. గుల్లలు నోళ్ళు తెరిచి, చిరిగి ఉన్నాయి. కుడివైపు కోటయ్య కంకి. గుల్లలన్నీ మూసే ఉన్నాయి, కొనల్లో తెల్లపొరలు వేలాడుతున్నాయి. చదువు రానివాడికి కూడా తేడా తెలుస్తుంది.

అధికారి ప్రింటు చూశాడు. కేసు ఎత్తేస్తూ రాశాడు. క్షమాపణ లాంటిది ఆయన నోట రాలేదు. జప్తు చేసిన కంకులు వాపసు ఇమ్మని అడిగితే గుమాస్తాను పిలిచాడు. వాటిని అప్పటికే రాలగొట్టి గోదాములో మిగతా జొన్నల్లో కలిపేశారు. తెల్లవీ, పచ్చవీ, ఏ ఊరివో తెలియనివీ అన్నీ ఒకే రాశి. అందులోంచి అంతే తూకం కొలిచి ఇమ్మని ఆయన ఉత్తరువు రాశాడు. ధర్మం చేశానన్న మొహం పెట్టాడు. విత్తనానికీ తిండిగింజకూ తేడా ఉందని నేను గొంతు పెంచి చెప్పాను. నా పై అధికారికి రాస్తానన్నాడు, రాశాడు కూడా. ఆ మెమో తర్వాత నాకు అందింది.

ఆ కలగాపులగపు జొన్నల మూటతో నేనే కోటయ్య ఇంటికి వెళ్ళాను. కేసు పోయిందని చెప్తే కోటయ్య చేతులు జోడించాడు. సీతమ్మ మూట విప్పి గుప్పెడు తీసి చూసి, మళ్ళీ అందులోనే పోసింది.

"ఈగ పొట్టన్నా మాకు వదిలిందండి, బాబుగారూ. మీవాళ్ళు విత్తనం కూడా వదల్లా."

మీవాళ్ళంది. ఆ అధికారికీ నాకూ జీతం ఒకే ఖజానా నుంచి వచ్చేది. ఆ మరుసటేడు వాళ్ళు పక్క ఊరి నుంచి విత్తనం తెచ్చి వేశారు. సీతమ్మ అత్తగారి నాటి రకం మళ్ళీ ఆ చేలో కనపడలేదు.

ఈ ఉదంతం వల్ల నేను నేర్చుకున్నది ఇది. జప్తు తర్వాత వచ్చే రుజువు మనిషిని కేసు నుంచి తప్పిస్తుంది, పోయినదాన్ని తేదు. కాబట్టి రుజువు ముందుండాలి. ఆ తర్వాత పనిచేసిన ప్రతి తాలూకాలోనూ ఆలస్యంగా వేసిన చేలకు కరణం అంచనా కట్టకముందే, పూత దశలోనే కెమెరాతో వెళ్ళాను. బిస్కత్తు డబ్బా నా వెంటే ఉండేది. లెన్సు కోసం ఏటా రాశాను. నేను రిటైరయ్యే నాటికి కూడా మంజూరు కాలేదు.