తొక్కినా పగలని డబ్బా

మరిపెడ బస్టాండు వెనక సందులో ఫకీర్ అహ్మద్‌కు రేడియో, టీవీ రిపేరు దుకాణం ఉండేది. చక్కెర జబ్బుతో ఆయన చూపు మందగించాక ఆ కుర్చీలో కూతురు ఫరహత్ కూర్చుంది. అప్పుడు ఆమె ఇంటర్ పాసై ఏడాదైంది. మొదట్లో మిక్సీ పట్టుకొని వచ్చినవాళ్లు గడప దగ్గరే ఆగి, "నాయిన లేడా?" అని అడిగి వెనక్కి పోయేవాళ్లు. ఫరహత్ వాదించేది కాదు. "పెట్టి పొండి. పొద్దుమీకి వచ్చి తిప్పి చూస్కోండి. తిరగకుంటే మళ్ల నా ముఖం చూడొద్దు" అనేది. రెండేళ్లు గడిచేసరికి నాయినను అడిగేవాళ్లు లేకుండా పోయారు.

2011 వానాకాలంలో ప్రేమ్‌సింగ్ వచ్చాడు. మరిపెడకు మూడు కిలోమీటర్ల దూరంలోని తండా అతనిది, ఆటో నడుపుతాడు. మహబూబాబాద్ మిషన్ హాస్టల్లో చదువుకున్నప్పుడు ప్రార్థనల్లో వాయించడానికి గిటార్ నేర్చుకున్నాడు. తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నాక సుదర్శన్ అనే పాటగాడి ధూంధాం బృందంలో చేరాడు.

"అక్కా, అయిదు డప్పుల నడుమ నా గిటార్ దోమ లెక్క ఇనొస్తున్నది. దానికి జర బొంగురు గొంతు కావాలె, కోపమొచ్చిన మనిషి గొంతు. హైదరాబాద్‌ల ఒకాయన కాడ చూసిన. కింద చిన్న డబ్బా ఉంటది, కాలితోని తొక్కుతడు, మోత మారిపోతది. అసొంటిది నువ్వు చెయ్యగలవా?"

"లోపల ఏముంటదో తెల్సా?"

"తెల్వదక్కా."

"నాకూ తెల్వదు. చూద్దాం."

ఫరహత్ మహబూబాబాద్‌లోని ఇంటర్నెట్ దుకాణంలో ఆ డబ్బా లోపలి బొమ్మను కాగితం మీద అచ్చు తీయించుకొచ్చింది. పాత రేడియో బోర్డుల నుంచి రెండు ట్రాన్సిస్టర్లు ఊడదీసింది. కాలితో తొక్కితే టక్కుమనే స్విచ్‌ను హైదరాబాద్ కోఠీ బజారు నుంచి తెప్పించింది. నాలుగు రోజుల్లో గిటార్ గొంతు మారింది. మోత వినగానే ప్రేమ్‌సింగ్ దుకాణంలోనే గంతేశాడు. కష్టమైన పని అయిపోయిందని ఇద్దరూ అనుకున్నారు. దాన్ని ఏ డబ్బాలో పెట్టాలన్నది అప్పటికి వాళ్లకు ప్రశ్నగా కూడా తోచలేదు. గోడకు బిగించే ప్లాస్టిక్ స్విచ్‌బోర్డు డబ్బా చేతికి అందింది. దానిలోనే బిగించి ఇచ్చేసింది.

జనగామలో సభ. మైదానం నిండా జనం. ప్రేమ్‌సింగ్ డబ్బాను తొక్కాడు. గిటార్ గర్జించింది. రెండో చరణానికి వచ్చేసరికి స్పీకర్లలో నుంచి ఎవరో పెద్దమనిషి గొంతు వచ్చింది. వరి పొలంలో ఆకుమచ్చ తెగులు నివారణ గురించి, శుద్ధమైన రేడియో భాషలో, తాపీగా చెబుతోంది. అమరుల పాట నడుస్తుండగా జనం పగలబడి నవ్వారు. వెనక నుంచి ఎవడో, "మన స్టేజీ మీద గూడ వాళ్ల భాషేనా!" అని అరిచాడు. ప్రేమ్‌సింగ్ ఆపడానికి గట్టిగా తొక్కేసరికి ప్లాస్టిక్ రెండు ముక్కలైంది.

మర్నాడు సుదర్శనే దుకాణానికి వచ్చాడు. "చెల్లె, నీ మీద కోపం లేదు. గని పిల్లలు సచ్చిన పాట అది. గా పాటల నవ్వుడు నేను సైసలేను. ఇగ గిటార్ వద్దు."

ఫరహత్ ముఖం ఎర్రబడింది. తప్పు ప్రేమ్‌సింగ్‌ది కాదు, గిటార్‌ది కాదు, తాను ఎంచిన డబ్బాది. ప్లాస్టిక్ రేడియో తరంగాలను ఆపదని చిన్నప్పటి నుంచి రేడియోల మధ్య పెరిగిన తనకు తెలిసి ఉండాల్సింది.

"అన్నా, ఇంకొక్క సభ ఇయ్యి" అంది. "మళ్ల గట్లయితే నేనే వచ్చి స్టేజీ మీద మాఫీ అడుగుత."

సుదర్శన్ గడప దాటబోతూ ఆగాడు. "దసరా ఎనక భూపాలపల్లిల ఉంది, బొగ్గు బాయి కార్మికుల సభ. గదే ఆఖరు."

ఈసారి బిస్కెట్ల రేకు డబ్బా తీసుకుంది. రేడియో గొంతు ఆగిపోయింది. కానీ ఫకీర్ అహ్మద్ దాన్ని చేతిలోకి తీసుకొని బొటనవేలితో మూత నొక్కి చూశాడు. రేకు లోపలికి పోయి, టప్పుమని పైకి లేచింది.

"బేటీ, ఇది టేబుల్ మీద పెట్టే రేడియో కాదు. దీని మీద మనిషి నిలబడతాడు."

ఆమె దాన్ని నేల మీద పెట్టి, చెప్పులు విడిచి, స్వయంగా ఎక్కింది. మూత వంగి లోపలి తీగలకు తగిలింది, మోత ఆగిపోయింది. ఆ రోజు నుంచి అది ఆమె నియమమైంది. ఏ డబ్బానైనా ముందు తానే ఎక్కి చూడాలి. స్టీలు టిఫిన్ బాక్సు ఎక్కింది, అది గుండ్రం కావడంతో పక్కకు జారింది. పాత రేడియో చెక్కపెట్టె ఎక్కింది. అది బరువు మోసింది గాని, లోపల రేకు తొడిగేసరికి తీగలకు చోటు మిగల్లేదు. పోతపోసిన అల్యూమినియం డబ్బాలు కోఠీలో రెడీగా దొరుకుతాయని ఆమెకు తెలుసు. తెప్పించుకుందామనుకునేలోపే సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోల్లోనే ఉండిపోయాయి.

"దొరకకుంటే వదిలెయ్యక్కా" అన్నాడు ప్రేమ్‌సింగ్. "డప్పు నేర్చుకుంట."

"నువ్వు డప్పు నేర్చుకో, మంచిదే. డబ్బా మాత్రం నేను వదల."

సమ్మె మూడో వారం, వరంగల్ రోడ్డు మీద వంటావార్పు జరుగుతోంది. తారు మీదే పొయ్యిలు పెట్టి జనం వండుకు తింటున్నారు. అల్యూమినియం తలుపులు, కిటికీలు చేసే బిక్షపతి కూడా విస్తరి ముందు కూర్చొని ఉన్నాడు. అతని వెనక, మూసి ఉన్న దుకాణం గోడకు ఆనించి కోసిపారేసిన ముక్కల కుప్ప ఉంది. ఫరహత్ కళ్లు ఆ కుప్ప మీద నిలిచిపోయాయి. ఒక ముక్క నాలుగంగుళాల వెడల్పు, రెండంగుళాలకు కొంచెం తక్కువ ఎత్తు. నాలుగు వైపులా మూసి, రెండు కొసలూ తెరిచి ఉంది. తలుపు చట్రానికి వాడే గొట్టం అది.

"బిక్షపతన్నా, జర దుకాణం తెరువు."

"సమ్మెల షట్టర్ లేపితే నన్ను ఈడనే కడుగుతరు చెల్లె!"

"అమ్ముకునేందుకు అయితే కడుగుతరు. గిది స్టేజీ మీదికి పొయ్యేది. కావాలంటే అందర్నీ అడుగుదాం." అని ఆమె నిజంగానే వెనక్కి తిరిగి, వండుతున్నవాళ్లందరికీ వినపడేలా సంగతి చెప్పింది. నలుగురు నవ్వారు, ఇద్దరు లేచి వచ్చి షట్టర్ సగం లేపారు. కరెంటు లేదు. బిక్షపతి చేతి రంపంతో అయిదంగుళాల ముక్క కోసిచ్చాడు. ఆమె అక్కడే దాన్ని నేల మీద పెట్టి ఎక్కి నిలబడింది. కదల్లేదు, వంగలేదు. బిక్షపతిని కూడా ఎక్కమంది. తొంభై కిలోల మనిషి, మొహమాటపడుతూనే ఎక్కాడు. అప్పుడూ వంగలేదు.

కొసలకు పలకలు బిగించి, బెజ్జాలు వేసి, లోపల అంతా అమర్చింది. మధ్యాహ్నం కరెంటు వచ్చిన రెండు గంటల్లో మోగించి చూస్తే రేడియో గొంతు లేదు గాని, గూమని ఒకటే గుయ్‌గుయ్. అప్పటికి సభకు నాలుగు రోజులే ఉంది. ప్రతి అతుకూ విప్పి మళ్లీ వేసింది. గుయ్‌గుయ్ పోలేదు.

గోడకు ఆనుకొని కూర్చున్న ఫకీర్ అహ్మద్, "డబ్బాను చేత్తో పట్టుకో" అన్నాడు. పట్టుకుంది. మోత మారలేదు. "ఇప్పుడు గిటార్ వైరు గుచ్చే చోట ఉన్న ఇత్తడి నట్టును పట్టుకో." నట్టును పట్టుకోగానే గుయ్‌గుయ్ తగ్గింది. "రెండూ ఒకటే లోహమైతే తేడా ఎందుకొస్తుంది?"

ఫరహత్ మీటరు తెచ్చి డబ్బా మీద రెండు చోట్ల ఆనించింది. మీటరు పలకలేదు. లోహమే, కానీ కరెంటు పారడం లేదు. కిటికీలు తుప్పు పట్టకుండా దాని ఒంటి నిండా ఎక్కించిన గోధుమరంగు పొర అడ్డుపడుతోంది. ఆమె చాకు తీసుకొని, నట్లు ఆనే ప్రతి చోటా లోపలి వైపు తెల్లని లోహం బయటపడేదాకా గీకింది. గీకిగీకి వేలు బొబ్బలెక్కింది. మళ్లీ బిగించి స్విచ్ వేస్తే నిశ్శబ్దం. అంత శుభ్రమైన నిశ్శబ్దం తాను ఎన్నడూ వినలేదని తర్వాత చెప్పేది.

భూపాలపల్లికి ఆమె కూడా జీపులో పోయింది. జల్లు పడుతోంది. జనరేటర్ హోరు. సుదర్శన్ అమరుల పాట ఎత్తుకున్నాడు, ప్రేమ్‌సింగ్ తొక్కాడు. గిటార్ గొంతు డప్పుల మీదుగా లేచి జనం మీద పడింది. స్టేజీ పక్కన నిలబడ్డ ఫరహత్ పాటను కాదు, పాట మధ్యలోని ఖాళీలను విన్నది. వాటిలో ఏమీ లేదు. మూడో చరణంలో డప్పు కొడుతూ గంతేసిన బృందం కుర్రాడు లక్ష్మా, గజ్జెల కాలితో సరిగ్గా డబ్బా మీదే దిగాడు. ఫరహత్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. మోత ఆగలేదు. పాట అయింది. ముందు వరుసలోని కార్మికులు లేచి నిలబడి పిడికిళ్లెత్తారు.

జీపెక్కేటప్పుడు సుదర్శన్, "చెల్లె, నాగ్గూడ ఒకటి చేసియ్యి. నా ఏక్‌తారకు బిగిస్త" అన్నాడు. ఆమె అతని ఒంటితీగ వాద్యాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి వేరే డబ్బా కావాలె. ముందుగాల చూడనియ్యి" అంది.

తెలంగాణ రాష్ట్రం వచ్చేనాటికి ఫరహత్ అలాంటివి పధ్నాలుగు చేసింది. కొత్తగూడ, నర్మెట్ట, జనగామ బృందాల వాళ్లు వచ్చి తీసుకుపోయారు. కొందరు రంగు వేసిమ్మనేవాళ్లు, కొందరు ఇంకా చిన్నగా, తేలిగ్గా చేయమనేవాళ్లు. రంగు వేసిచ్చింది. చిన్నగా మాత్రం చేయలేదు. "కాలు చిన్నగయితదా?" అని అడిగి, ఖాళీ గొట్టం ముక్క ఒకటి నేల మీద పెట్టి, "ఎక్కు" అనేది.