నైలాన్ పీలిక

ఐర్లండ్‌లోని క్లేర్ పొలాల చుట్టూ ముళ్లకంచెలు అల్లే మాలకీ అరచేతులు బెరడులా ఉంటాయి. రోజూ పనికి వెళ్తూ ఊటబావి పక్కనున్న హాథార్న్ అనే ముళ్లచెట్టు దగ్గర ఆగుతాడు. జబ్బుమనిషి బట్టలోంచి పీలిక చింపి దాని కొమ్మకు కడితే, గుడ్డ చివికేకొద్దీ జబ్బు తగ్గుతుందని అక్కడి నమ్మకం. భార్య అట్రాక్టా మంచాన పడ్డప్పుడు, ఆమెకిష్టమైన నీలం స్కార్ఫు చింపి కట్టాడు. అది నైలాన్. అట్రాక్టా పోయి మూడేళ్లయినా దాని రంగైనా మారలేదు.

చెట్టు తెల్లగా పూసిన ఉదయం, నీళ్లకొచ్చిన పొరుగింటి బ్రైడీ ఆగి చూసింది. "కంచెల మొనగాడివి, నూలేదో నైలానేదో తెలీలేదట్రా? వందేళ్లకీ చివకదిది. కొమ్మ పీక నులిమేస్తోంది, తీసెయ్."

మాలకీ ముడి విప్పాడు. కొమ్మ మీద పడ్డ నొక్కును బొటనవేలితో నిమిరాడు. పీలికను మళ్లీ, ఈసారి వదులుగా, ముడేశాడు.

"అప్పుడు తెలీక కట్టానక్కా. ఇప్పుడు చివకదనే కడుతున్నాను."