బ్రేకు మాస్టారూ, పిల్లికూనలూ

పిల్లికి బిచ్చం పెట్టడని బ్రేకు మాస్టారికి వీధిలో పేరు. ఆ పేరు తప్పని ఆయన కూడా ఏనాడూ వాదించలేదు. డ్రైవింగ్ స్కూల్లో కొత్తవాళ్లకి కారు నేర్పడం ఆయన పని. పక్క సీట్లో కూర్చుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా "బ్రేకు! బ్రేకు!" అని అరిచి ఇంటికొచ్చేసరికి నోట్లో తడి మిగిలేది కాదు. ఇంట్లో ఆయనకి కావలసిందల్లా ఒక కుర్చీ, ఒక ఫ్యాను, నిశ్శబ్దం.

అలాంటి ఇంటికి ఒక సాయంత్రం మరదలు అట్టపెట్టెతో దిగింది. దిక్కులేని జంతువుల్ని కాపాడే సంస్థలో పనిచేస్తుంది ఆమె. సరాసరి బావగారి కుర్చీలోనే పెట్టె పెట్టి మూత తీసింది. లోపల పాత తువ్వాలు, దాని మీద నాలుగు పిల్లికూనలు. కళ్లు అప్పుడప్పుడే విచ్చుకుంటున్నాయి. తల్లి లారీ కింద పడిపోయిందట.

"రెండే రోజులు బావగారూ. మా షెడ్డులో చోటు లేదు. ఎల్లుండి నేనే వచ్చి తీసుకెళ్తాను."

"నా మొహం నీకు పిల్లుల సత్రంలా కనిపిస్తోందా?"

"మీ మొహం చూసి రాలేదులెండి. అక్క ఉందని వచ్చాను."

ఆ అక్క అప్పటికే నేల మీద చతికిలబడి ఒక కూనని అరచేతిలోకి తీసుకుంది. ఇక ఈ ఇంట్లో తన ఓటు చెల్లదని మాస్టారికి అర్థమైపోయింది.

వెళ్తూ వెళ్తూ మరదలు జాగ్రత్తలు చెప్పింది. ఆవుపాలు పనికిరావు, డబ్బాలోని పొడి గోరువెచ్చటి నీళ్లలో కలిపి చిన్న సీసాతో పట్టాలి. కూనని బోర్లా ఉంచే పట్టాలి. పసిపిల్లల్లా వెల్లకిలా పడుకోబెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రెండు మూడు గంటలకోసారి ఇదే పని. తాగాక తడిదూదితో కింద మెల్లగా తుడవాలి, తల్లి నాకినట్టు. లేకపోతే వాటంతటవి ఒంటికి కూడా పోలేవు.

"బాగుంది. ఇన్నాళ్లూ మనుషులతో చచ్చాను, ఇప్పుడు పిల్లులకి దూది పట్టాలి," అన్నారు మాస్టారు.

ఎల్లుండి వచ్చింది గానీ మరదలు రాలేదు. ఫోను చేస్తే "ఇంకో రెండు రోజులు" అంది. ఆ రెండు రోజులకి కాళ్లొచ్చి వారం దాటేశాయి. మాస్టారి భార్య ఆసుపత్రిలో నర్సు. మొదట్లో సెలవు పెట్టి అన్నీ తనే చూసుకుంది. సెలవు అయిపోయి పగటి డ్యూటీ పడగానే, పెట్టె తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఏమండీ, కారులో పెట్టుకుని తీసుకెళ్లండి. వెనక సీటు ఖాళీయేగా."

"సీటు ఖాళీయే. నాకే ఖాళీ లేదు."

"అరవడమేగా మీ పని! మధ్యమధ్యలో పాలు పట్టండి."

ఆ రోజు నుంచి డ్రైవింగ్ స్కూలు కారులో వేడినీళ్ల సీసా, పాలడబ్బా, దూది, పెట్టెలోంచి కీచుకీచుమని నాలుగు గొంతులు. నేర్చుకోవడానికి వచ్చిన ఒక కుర్రాడు ముక్కు మూసుకుని, "ఈ వాసనేంటి మాస్టారూ?" అని అడిగాడు.

"ఇందాకటి నీ మలుపు చూసి భయంతో పోశాయి. రోడ్డు చూడు!"

వాటికి పేర్లు పెట్టకూడదని ఇంట్లో ఆర్డరు వేసింది ఆయనే. పేరు పెడితే ఇక వదలవన్నారు. అయినా ప్యాంటు పట్టుకుని మోకాలి దాకా పాకినదాన్ని "ఒరేయ్ రౌడీ" అనక తప్పలేదు. అన్నిటికన్నా చిన్నది, సీసా అందుకోవడానికి కూడా ఓపిక లేనిది, ఎప్పుడో తెలియకుండానే "చిటికెడు" అయిపోయింది.

ఆయన దగ్గర నేర్చుకునేవాళ్లలో రిటైరైన లెక్కల టీచరు ఒకావిడ ఉండేది. క్లచ్చి వదిలిన ప్రతిసారీ కారు కప్పలా గెంతి ఆగిపోయేది. గెంతినప్పుడల్లా వెనక పెట్టె జారేది. చివరికి మాస్టారు పెట్టెని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

"మెల్లగా వదలండమ్మా! లోపల పిల్లలున్నారు!"

"బతుకంతా పిల్లలతో వేగాను, ఇప్పుడు పిల్లులతోనా!" అని గొణుగుతూనే ఆవిడ కాలు మెల్లగా తీయడం మొదలుపెట్టింది. మాస్టారు మెచ్చుకోలేదు. మెచ్చుకోవడం ఆయనకి చేతకాదు.

ఒక రోజు పొద్దున చిటికెడు పాలు తాగలేదు. పట్టిన పాలు పట్టినట్టే పెదవుల పక్కనుంచి కారిపోయాయి. ఒళ్లు చల్లబడుతోంది. మాస్టారు దాన్ని చొక్కా లోపల గుండెకి ఆనించుకుని వీపు రుద్దసాగారు. స్టీరింగ్ దగ్గర టీచరు ఉంది.

"టీచరుగారూ, జంతువుల ఆసుపత్రికి పోనివ్వండి. మార్కెట్ వెనక."

"అంత రద్దీలోకా? నా వల్ల అవుతుందా?"

"ఇప్పుడు నా వల్ల కూడా కాదు. పోనివ్వండి."

ఆవిడ పోనిచ్చింది. బస్సుల మధ్యనుంచి, తోపుడుబళ్లని తప్పించుకుంటూ పోనిచ్చింది. మాస్టారి కళ్లు రోడ్డు మీద లేవు. "తాగవే, తాగు. మొండిదానా," అని చొక్కాలోకి మాట్లాడుతున్నారు. మార్కెట్ ఇంకా రాకముందే ఆయన చేయి రుద్దడం ఆపేసింది. టీచరు అద్దంలో చూసుకుని, ఇండికేటరు లైటు వేసి, కారుని రోడ్డు పక్కకి తీసుకెళ్లి ఆపింది. దారి పొడుగునా తను ఒక్కసారి కూడా బ్రేకని అరవలేదని మాస్టారికి చాలాసేపటికి గానీ తట్టలేదు.

ఆ కోపమంతా మరదలి మీద పడింది. ఫోనులో దులిపేశారు. "రెండు రోజులని చెప్పి అంటగట్టావు! బతుకుతుందో లేదో తెలియనిదాన్ని నా చేతిలో పెట్టి పోతావా? నేనేమన్నా డాక్టరునా?"

"మీరు ఒక్కటి పోతేనే ఇంత అరుస్తున్నారు బావగారూ. నా చేతుల్లో పోయినవాటిని లెక్కపెట్టడం నేను ఎప్పుడో మానేశాను," అంది.

"మిగతావాటికి పాలవేళయింది," అని మాస్టారు ఫోను పెట్టేశారు.

మిగిలిన మూడూ బతికి, బలిసి, కర్టెన్లు చీరి, నర్సమ్మ యూనిఫాం మీద దారాలు లాగి, ఇంటిని కిష్కింధ చేశాయి. పెంచుకుంటామని మనుషులు రావడం మొదలైంది. మాస్టారు ఒక్కర్నీ పాస్ చేయలేదు. ఒకాయన కిటికీలకి జాలీ లేదు. ఒకావిడకి పగలంతా ఇంట్లో ఎవరూ ఉండరు. ఎలుకలు పోతాయని వచ్చినాయనతో, "అయితే బోను కొనుక్కోండి," అని తలుపు చూపించారు.

"ఇలా అయితే ఇవి మీ ఇంట్లోనే ముసలివైపోతాయి," అంది మరదలు.

"ఎవరు ఉంచుకుంటానన్నారు? తగినవాళ్లని తీసుకురా!"

చివరికి ఒకదాన్ని భార్యతో పనిచేసే నర్సు తీసుకెళ్లింది. లైసెన్సు చేతికొచ్చిన వారమే టీచరు తనే కారు నడుపుకుంటూ వచ్చి రౌడీనీ, దాని చెల్లెల్నీ అడిగింది. ఆవిడని కూడా మాస్టారు వదల్లేదు. కిటికీలు, మందులు, ఊరెళ్తే ఎవరు చూస్తారు, అన్నీ అడిగారు.

"నా డ్రైవింగ్ టెస్టులో కూడా ఇన్ని ప్రశ్నలు లేవు మాస్టారూ," అందావిడ, పెట్టె ఎత్తుకుంటూ.

కుర్చీ, ఫ్యాను, నిశ్శబ్దం మళ్లీ ఆయన సొంతమయ్యాయి. ఆ నిశ్శబ్దంలో కూర్చుని, ఫ్యాను గోలచేస్తోందని భార్యతో గొడవపడ్డారు. ఆవిడ చెల్లెలికి ఫోను చేసి ఏదో చెప్పింది. ఆ ఆదివారమే మరదలు ఆయన్ని షెడ్డుకి లాక్కెళ్లింది. కూనల్ని ఇళ్లకి తీసుకెళ్లడానికి ముందుకొచ్చిన కొత్తవాళ్లు కొందరు అక్కడ బెంచీల మీద కూర్చున్నారు. వాళ్లకి పాలు పట్టడం నేర్పాలట. తనకి తీరికలేదనీ, ఇదే మొదలూ ఇదే ఆఖరనీ చెప్పి మాస్టారు మొదలుపెట్టారు. రెండు నిమిషాలు గడిచాయో లేదో, వెనక బెంచీలో ఒకాయన కూనని చంటిబిడ్డలా వెల్లకిలా తిప్పి సీసా పెట్టాడు.

"బోర్లా అన్నానా లేదా!"

ఆ కేకకి షెడ్డులో కుక్కలన్నీ మొరిగాయి. కొత్తవాళ్లంతా హడలిపోయి సీసాలు కింద పెట్టేశారు.

"పెట్టేయమని ఎవరన్నారు? పట్టమన్నాను!" అని మాస్టారు నెత్తి కొట్టుకుని, చొక్కా చేతులు పైకి మడిచి, వెనక బెంచీ దగ్గరికి నడిచారు.