అడ్డం నిలవని మామ

యుద్ధం అయిపోయాక మా మేనమామ జపాను వాళ్ళ ఖైదు నుంచి బయటపడి గురజాలలో మా ఇంటికి చేరాడు. ఎముకల గూడులా వచ్చిన మనిషి తిండి మాట వదిలేసి, అక్కడ ఒక ముసలి కాపలావాడు నేర్పిన విద్య గురించే చెప్పేవాడు. అది కొట్టే విద్య కాదట. మీదికొచ్చేవాడు శత్రువు కాదట. వాడి ఊపుకు అడ్డం నిలవకుండా, వాడితోపాటే తిరిగి, వాడికీ దెబ్బ తగలకుండా సాగనంపాలట. కడుపు మాడ్చినవాళ్ళ దగ్గర ఈ శాంతిపాఠాలేందని నాకు ఒళ్ళు మండేది.

ఆ వానాకాలం పక్కింటోళ్ళ పందెం పొట్టేలు తాడు తెంపుకుని మా దొడ్లోకొచ్చింది. మామను చూసి తల వంచి ఉరికింది. మామ కదల్లేదు. తీరా అది మీదికొచ్చేసరికి చిరునవ్వుతో పక్కకు తిరిగి, పెళ్ళివారిని సాగనంపినట్టు చేత్తో దారి చూపాడు. పొట్టేలు నేరుగా పోయి, వానకు నానిన మా మట్టిగోడను గుద్దింది. గోడ మొత్తం కూలింది. పొట్టేలు తల విదిలించుకుని, గోడతోపాటు పడిన సొరతీగ నమలసాగింది.

"చూశావా అక్కా, ఎవరికీ దెబ్బ తగల్లా!" అన్నాడు మామ.

మా అమ్మ చేతిలో చేట కింద పెట్టింది.

"ఒరేయ్, ఈసారి నువ్వే అడ్డం నిలబడు. నువ్వు పడితే కాపడం పెట్టి లేపుతా. గోడ లేవాలంటే ఎండాకాలం రావాలి."