సముద్రం చూడబోతే ఠాణాలో కూర్చోబెట్టారు

ఇచ్చోడ బడిలో పంతులమ్మగా చేరినప్పటి నుంచి ఏటేటా పిల్లలకు సముద్రం పాఠం చెబుతూనే ఉన్నాను. ఆటు, పోటు, కెరటం, తీరం అన్నీ పుస్తకంలో ఎట్లా ఉంటే అట్లా చెప్పేదాన్ని. నేను పుట్టింది సిరిసిల్లలో, మగ్గం గుంట పక్కన. అప్పటికి నేను చూసిన పెద్ద నీళ్ళంటే వానాకాలపు గోదావరే. ఒకనాడు నాలుగో తరగతి పిల్ల ఒకతె లేచి, "పంతులమ్మా, సముద్రం నీళ్ళు ఎప్పుడు కదుల్తనే ఉంటయా? జరసేపు గూడ ఆగయా?" అని అడిగింది. ఆగవని చెప్పాను గానీ, తెలియని సంగతి తెలిసినట్టు చెప్పానని మనసులో నలిగింది.

అందుకే, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్ళకు కోస్తాలో ఒక పట్నంలో నెల రోజుల శిక్షణకు పొమ్మని ఉత్తరువు వస్తే, తోటి పంతుళ్ళు దూరాభారమని గొణిగినా నేను సంతోషంగా పెట్టె సర్దుకున్నాను. అప్పటికి నాకు ముప్పై రెండేళ్ళు. పంతొమ్మిదో ఏట భర్త పోయాడు. ఆ తర్వాత బాపు మగ్గం నేసి నన్ను చదివించాడు. నా నుదుట బొట్టు లేదు, చేతికి గాజులు లేవు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఆ తర్వాత జరిగిందానికంతా జనం దీన్నే కారణం చేసుకున్నారు.

మొదటి ఆదివారం శిక్షణకు వచ్చిన ఆడవాళ్ళంతా కొండ మీది గుడికి పోయారు. నేను గంటన్నర బస్సు ప్రయాణం చేసి ఒక చిన్న సముద్రపు ఊరికి పోయాను. ఆ ఊరి పేరు చెప్పను. ఇప్పుడక్కడ ఉన్నవాళ్ళు నాకు చేసిన తప్పేమీ లేదు.

బస్సు దిగగానే ఆకలేసి కాఫీ హోటలుకు పోయి బల్ల దగ్గర కూర్చున్నాను. "ఒక ప్లేటు ఇడ్లీ ఇయ్యున్రి" అన్నాను. గల్లాపెట్టె దగ్గరి ఆయన తలెత్తి చూశాడు.

"మీ వాళ్ళు రానివ్వండమ్మా."

"మావోళ్ళు ఎవలు లేరు. నేనొక్కదాన్నే వచ్చిన."

పక్క బల్ల వాళ్ళు నవ్వారు. ఒకాయన "ఏ దేశం మీది?" అని అడిగాడు.

"గిదే దేశం. మీది ఏ దేశం?" అన్నాను.

ఆయన నవ్వు ఆగింది గానీ ఇడ్లీ మాత్రం రాలేదు. పావుగంట చూసి లేచాను. నా తరువాత వచ్చిన నలుగురు మగవాళ్ళు అప్పటికే తిని చేతులు కడుక్కుంటున్నారు. ఒళ్ళు మండిపోయింది. అయినా సముద్రం కోసం వచ్చిన దాన్ని, ఇడ్లీ కోసం కొట్లాడటం ఎందుకని సర్దిచెప్పుకుని నడిచాను.

ఇళ్ళు దాటి ఇసుక దిబ్బ ఎక్కేసరికి ఎదురుగా సముద్రం. నిజం చెప్పాలంటే మొదట నాకు కలిగింది సంతోషం కాదు, సిగ్గు. ఇన్నేళ్ళూ పిల్లలకు ఏం చెప్పానా అని. పుస్తకంలో చప్పుడు లేదు. ఇక్కడ చప్పుడే ముందు, తరువాతే నీళ్ళు. చెప్పులు చేతపట్టుకుని నీళ్ళలోకి దిగాను. అల వచ్చి మోకాళ్ళను తాకింది. తిరిగి పోయేటప్పుడు నా పాదాల కింది ఇసుకను తోడుకుపోయింది. పడబోయి నిలదొక్కుకున్నాను. వెంటనే ఒడ్డుకు వచ్చి సంచిలోంచి నోటుపుస్తకం తీసి ఆ సంగతి రాసుకున్నాను.

అంతలో దూరాన ఒక తెప్ప కనబడింది. నాలుగు దుంగలు తాళ్ళతో కట్టి చేసింది. దాని మీద ఒక మనిషి నిలబడి ఉన్నాడు. వెనక నుంచి కెరటం లేచింది. మునిగాడే అనుకున్నాను. అతను మాత్రం తెడ్డును ఒక పక్కకు నొక్కి, మోకాళ్ళు వంచి, ఆ కెరటం వీపు మీదే ఒడ్డు దాకా దూసుకొచ్చాడు. నేను గట్టిగా అరిచాను. భయంతో కాదు.

పక్కనే చేపల బుట్టతో ఉన్న ఆవిడ నవ్వింది. అతని పెళ్ళామట.

"ఏటమ్మా, ఎప్పుడూ సూడనేదా?"

"లే. మా దిక్కు అడివి, గుట్టలే."

"ఒక్కదానివే వొచ్చినావేటి?"

"అవు."

"మంచిపని సేసినావు. పదిమంది ఒస్తే కబుర్లే అయిపోతాయి, సముద్రం సూడరు" అంది. పొద్దున్నుంచి నేను ఒంటరిగా రావటం మంచిదన్న మనిషి ఆవిడొక్కతే. చెప్పులు, సంచి ఆవిడ దగ్గర పెట్టి మళ్ళీ నీళ్ళలోకి పోయాను. ఈసారి నడుము దాకా.

వెనక నుంచి ఎవరో నా జబ్బ పట్టుకుని లాగారు. చూస్తే పోలీసు జవాను. ఒడ్డున గొడుగు పట్టుకుని ఒక పెద్దమనిషి.

"ఎంత కష్టమొస్తే మాత్రం ఇదేం పనమ్మా?" అన్నాడు ఆ పెద్దమనిషి, నామీద జాలి కురిపిస్తూ.

"ఏం పని? నాకేం కష్టమొచ్చింది? సముద్రం జూడొచ్చిన. చెయ్యి ఇడువు ముందు."

"చూడటానికి ఒంటరిగా వస్తారా ఎవరైనా?"

చేపలావిడ అడ్డం వచ్చింది. "ఆయమ్మ సావడానికి రానేదు బాబూ! ఇప్పటిదాకా నాతోటే నవ్వుతా మాటాడింది." జవాను ఆవిడ చేతిలోని నా సంచి గుంజుకుని, "నీకెందుకే, పో" అన్నాడు. చెప్పులైనా తొడుక్కోనివ్వలేదు. తడి చీరతో, ఉత్తకాళ్ళతో నన్ను బజారు వెంట నడిపించారు. కాఫీ హోటలాయన గుమ్మంలోకి వచ్చి, "నేనప్పుడే అనుకున్నాను" అన్నాడు.

ఠాణాలో సంచి బల్ల మీద కుమ్మరించారు. దువ్వెన, తువ్వాలు, నోటుపుస్తకం. జమేదారు పుస్తకం తెరిచి పైకి చదివాడు. "అల వెనక్కి పోతున్నప్పుడు కాళ్ళ కింది నేలను తీసుకుపోతుంది. నిలబడలేము." చదివి నావంక చూశాడు. పెద్దమనిషి, "పాపం, ఎంత బాధ లేకపోతే అట్లా రాస్తుంది!" అన్నాడు.

"అది పాఠం!" అని అరిచాను. "నేను పంతులమ్మను. పిల్లలకు జెప్పేతందుకు రాసుకున్న."

"అరవకమ్మా. మనసు బాగాలేని వాళ్ళు అట్లాగే అరుస్తారు."

అరిస్తే పిచ్చి, ఏడిస్తే దుఃఖం, ఊరుకుంటే తప్పు ఒప్పుకున్నట్టు. ఏం చేసినా వాళ్ళ మాటే నిజమవుతుంది. అందుకని గోడ వంక చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి చేపలావిడ వచ్చి నా చెప్పులు గుమ్మంలో పెట్టి, ఆకులో రెండు కాల్చిన చేపలు ఇచ్చింది. నాలుగు గంటలు నేను అక్కడున్నాను. తిన్నావా అని అడిగింది ఆవిడ మాత్రమే.

మగదిక్కు వస్తే గాని పంపేది లేదన్నారు. చివరికి వాళ్ళు కబురు పెడితే శిక్షణ కేంద్రం నుంచి గుమాస్తా ఒకడు వచ్చాడు. ఇరవై రెండేళ్ళుంటాయేమో. జమేదారు కాగితం రాసి అతని చేత సంతకం చేయించుకున్నాడు. అడిగి తీసుకుని చదివాను. 'సదరు స్త్రీని క్షేమముగా స్వాధీనపరచుకొంటిని' అని ఉంది. నాకంటే పదేళ్ళ చిన్నవాడు నన్ను స్వాధీనపరచుకున్నాడు! కలం తీసుకుని దాని కిందే రాశాను: 'నేను సముద్రం చూడడానికి వచ్చాను. చూడనివ్వలేదు.' నా సంతకం కూడా పెట్టాను. జమేదారు కాగితం చింపబోయి, గుమాస్తా సంతకం కూడా పోతుందని ఆగిపోయాడు.

మరునాడు శిక్షణ కేంద్రంలో అందరి ముందూ ఉత్తరువు చదివారు. ఆడవాళ్ళు మగతోడు లేకుండా గేటు దాటరాదట. తోటి ఆడవాళ్ళు నామీదే కోపం తెచ్చుకున్నారు. నన్ను పట్టుకున్నవాళ్ళ మీద ఒక్కరికీ కోపం రాలేదు. అది నాకు ఠాణా కంటే ఎక్కువ కష్టమైంది.

నెల పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చిన రోజు అందరూ స్టేషనుకు పోయారు. నా మీద ఇంక వాళ్ళ ఉత్తరువు చెల్లదు. మరునాడు పొద్దున్నే అదే బస్సు ఎక్కాను. నేరుగా ఠాణాకు పోయి జమేదారు ముందు నిలబడ్డాను.

"ఇయ్యాల గూడ ఒక్కదాన్నే వచ్చిన. సముద్రంల దిగుత. అయిదు గంటల బస్సుకు పోత. ఎవలన్న వచ్చి అడిగితే నాకు ఎరికేనని నువ్వే జెప్పు."

అతను గోడ మీది గడియారం వంక చూశాడు. చివరికి, "సరేనమ్మా" అన్నాడు.

చేపలావిడ నన్ను చూసి బుట్ట దించి పరుగెత్తుకొచ్చింది. తెప్ప ఎక్కించమని అడిగాను. ఆమె మొగుడు సందేహించాడు. "ఏటి సూత్తావు, ఎక్కించు" అని ఆవిడే గదమాయించింది. కొంగు నడుముకు బిగించి, తాళ్ళు పట్టుకుని కూర్చున్నాను. కెరటాలు దాటి లోపలికి పోయి, మళ్ళీ ఒడ్డు వైపు తిరిగాం. "అదిగో, ఒత్తంది" అన్నాడు. వెనక నీళ్ళు లేచాయి. తెప్ప ముందుకు దూకింది. నోటినిండా ఉప్పు, చెవుల్లో హోరు. అంతసేపూ నేను ఎవరి బిడ్డనో, ఎవరి పెళ్ళాన్నో, ఏ దేశపుదాన్నో ఎవరికీ పట్టలేదు.

ఇంటికి వచ్చేసరికి శిక్షణ కేంద్రం వాళ్ళు నామీద రాసిన ఉత్తరం నాకంటే ముందే ఇచ్చోడ చేరింది. హెడ్మాస్టరు దాన్ని నా సర్వీసు పుస్తకంలో అంటించాడు. సెలవుల్లో సిరిసిల్ల పోయి బాపుకు అంతా చెప్పాను. ఆయన మగ్గం ఆపి విన్నాడు. హోటలు వాళ్ళను, పోలీసులను తిడతాడని ఎదురుచూశాను.

"అన్ని మాటలెందుకు పడాలె బిడ్డా? ఒక్కదానివి పోవుడెందుకు?" అన్నాడు.

"నేను ఒక్కదాన్నే గద బాపూ."

ఆయన తల దించుకుని మళ్ళీ నేత మొదలుపెట్టాడు. నేను రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. నన్ను చదివించిన మనిషి ఆయన. అయినా ఆ మాట అన్నాడు. దానికి ఇప్పటికీ కోపమే.